స్కాన్ చేసిన 20 వేలకు నా కరెంట్ అకౌంట్ మొత్తం ఆపేశారు, ఏం చేయాలి?

తెనాలి_బ్యాటరీ
సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. తెనాలిలో ఇన్వర్టర్లు, బ్యాటరీల షాపు నాది, 11 ఏళ్లుగా నడుపుతున్నాను. ఈరోజు పొద్దున డిస్ట్రిబ్యూటర్‌కు డబ్బు పంపుదామని బ్యాంకు యాప్ తెరిస్తే పోవడం లేదు. సర్వర్ డౌనేమో అనుకుని మూడుసార్లు కొట్టాను. చివరికి బ్రాంచికి వెళ్తే కౌంటర్లో అమ్మాయి సిస్టమ్‌లో చూసి "సార్, మీ అకౌంట్ డెబిట్ ఫ్రీజ్‌లో ఉంది, సైబర్ క్రైమ్ కేసు" అంది, అదీ గట్టిగా. లైన్లో ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగి చూశారు. అందులో ఇద్దరు నా కస్టమర్లే.

విషయం ఏంటంటే 9 రోజుల క్రితం ఒక కుర్రాడు వచ్చి బ్యాటరీ కొని 20,000 స్కాన్ చేశాడు. అది వేరే రాష్ట్రంలో ఎవరినో మోసం చేసి లాగిన డబ్బట. నాకెలా తెలుస్తుంది? సౌండ్ బాక్స్ మోగింది, సరుకు ఇచ్చాను. ఇప్పుడు అకౌంట్లో 3,12,000 ఉంది, రూపాయి తీయలేను. బుధవారం డిస్ట్రిబ్యూటర్ దగ్గరున్న నా చెక్కు, 86,000ది, బ్యాంకులో పడుతుంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఎవరికైనా ఇలా జరిగిందా? ఎన్ని రోజులు పడుతుంది?

నగదే_నయం
సోమవారం, రాత్రి 10:58

అందుకే నేను క్యూఆర్ పీకేసి రెండేళ్లయింది. నోటు చేతిలో పడితే ఎవడూ వచ్చి ఫ్రీజ్ చేయడు.

ఓరుగల్లు_టిఫిన్స్
సోమవారం, రాత్రి 11:06

@నగదే_నయం అన్నా, మీది రోజుకు పది మంది వచ్చే షాపేమో. నా దగ్గర పొద్దున 6 నుంచి 10 దాకా ఇడ్లీ, ఉప్మా, పూరీ కలిపి మూడు వందల మంది తింటారు, అందులో జేబులో నోటు పెట్టుకుని వచ్చేది ముసలోళ్లే. క్యూఆర్ తీసేస్తే ఎదురుగా ఇంకో బండి ఉంది, అక్కడికి పోతారు. సలహా ఇవ్వండి, దెప్పకండి.

క్యాష్_కౌంటర్
సోమవారం, రాత్రి 11:31

బ్యాంకులో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. మొదట టెన్షన్ పడకండి, మీరు నేరస్తులని ఎవరూ అనలేదు. కానీ ఈ రాత్రే ఒక పని చేయాలి: ఆ క్యూఆర్ స్టిక్కర్ మీద కాగితం అంటించండి. డెబిట్ ఫ్రీజ్ అంటే డబ్బు బయటికి పోదు, లోపలికి మాత్రం వస్తూనే ఉంటుంది. రేపు వచ్చే ప్రతి కస్టమరూ ఆ స్టిక్కర్ స్కాన్ చేస్తే ఆ డబ్బు కూడా అందులోనే ఇరుక్కుంటుంది. చాలామంది నాలుగు రోజుల తర్వాత గానీ ఇది గుర్తించరు. మీ పేరు మీద వేరే బ్యాంకులో ఖాతా ఉంటే దానికి కొత్త క్యూఆర్ తీసుకోండి.

రేపు బ్రాంచికి వెళ్లి నోటితో అడగొద్దు, కాగితం మీద రాసి ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. అడగాల్సింది ఇది: ఫిర్యాదు అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్ ఏది, ఏ రాష్ట్రం ఏ స్టేషన్, వివాదంలో ఉన్న లావాదేవీ యూటీఆర్ (ప్రతి లావాదేవీకి ఉండే నంబర్) ఏది, మొత్తం ఎంత, దర్యాప్తు అధికారి ఈమెయిల్ ఏది. ముఖ్యంగా, పోలీసులు 20 వేలు మాత్రమే ఆపమన్నారా, అకౌంట్ మొత్తం ఆపమన్నారా. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. 20 వేల మీద హోల్డ్ పెట్టమంటే బ్రాంచి వాళ్లు భయపడి మొత్తం ఆపిన సందర్భాలు నా కళ్లతో చూశాను.

చెక్కు సంగతి: డిస్ట్రిబ్యూటర్‌కు రేపు పొద్దున్నే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పి, చెక్కు వేయొద్దని అడగండి. ఇవతల వాడు ముందే చెబితే ఎవరైనా వింటారు, చెక్కు తిరిగొచ్చాక చెబితే వినరు.

లెడ్జర్
సోమవారం, రాత్రి 11:50

పై మాటకు ఒక చేర్పు. తొందరలో డిస్ట్రిబ్యూటర్‌కు 86 వేలూ నోట్ల కట్టగా ఇచ్చేయకండి. ఒక పార్టీకి ఒక రోజులో 10 వేలు దాటి నగదు ఇస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో ఆ ఖర్చు ఒప్పుకోరు. ఇంకో ఖాతా నుంచి పంపండి, లేదా వాయిదా అడగండి.

షార్ట్‌కట్_సుబ్బు
మంగళవారం, ఉదయం 7:15

నాకు తెలిసినాయన ఒకరు ఇలాగే ఇరుక్కుంటే, డబ్బు పోయినోడి నంబర్ పట్టుకుని ఆ 20 వేలు నేరుగా అతనికే పంపేశాడు, కేసు వాపసు తీసుకున్నాడు. సింపుల్.

నల్లకోటు
మంగళవారం, ఉదయం 8:02

దయచేసి ఆ పని చేయకండి. "నేనే బాధితుణ్ణి, నా డబ్బు పంపితే ఫిర్యాదు తీసేస్తా" అని ఫోన్ చేసేవాడు నిజంగా బాధితుడే అని ఎలా తెలుసు? పంపాక హోల్డ్ అలాగే ఉంటే అప్పుడు పోయేది 40 వేలు. "నేను ఐఓని (దర్యాప్తు అధికారిని) మాట్లాడుతున్నాను, ఫ్రీజ్ తీయాలంటే ఇంత కట్టు" అనే ఫోన్లు కూడా వస్తాయి, రేపో ఎల్లుండో మీకూ రావచ్చు. అధికారి నంబర్ బ్యాంకు కాగితం మీద ఉన్నదో, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో రాష్ట్రాలవారీగా ఉన్న నోడల్ అధికారుల జాబితాలో ఉన్నదో మాత్రమే నమ్మండి.

ఇది ఎలా జరుగుతుందో చెబుతాను, భయం కొంత తగ్గుతుంది. మోసపోయినవాడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తాడు. అక్కడ వివరాలు ఎక్కించగానే అతని బ్యాంకుకు వెళ్తుంది, డబ్బు ఏ ఖాతాకు పోయిందో వాళ్లు చూపిస్తారు, ఆ బ్యాంకు తర్వాతి ఖాతా చూపిస్తుంది, అలా గొలుసులా పోతుంది. ఒక్కో మెట్టునూ లేయర్ అంటారు. దొంగ ముందు డబ్బును అద్దె ఖాతాల్లో (డబ్బు తీసుకుని ఎవరో వాడుకోనిచ్చే ఖాతాలు) తిప్పి, చివర్లో బంగారం షాపులోనో, పెట్రోల్ బంకులోనో, మీలాంటి షాపులోనో ఖర్చు పెడతాడు. డబ్బు ఎక్కడ ఆగితే అక్కడ హోల్డ్ పడుతుంది. నిజాయితీగా అమ్మినవాడెవడో, దొంగతో కలిసినవాడెవడో ఆ సిస్టమ్‌కు తెలియదు. తెలియజెప్పాల్సింది మనమే, కాగితాలతో.

మీ దగ్గర బిల్లు ఉందా? ఎంతకు?

తెనాలి_బ్యాటరీ
మంగళవారం, ఉదయం 8:40

క్యాష్_కౌంటర్ గారూ, రాత్రే కాగితం అంటించాను, చాలా థ్యాంక్స్. అప్పటికే సోమవారం ఒక్కరోజులో 11,400 పడ్డాయి అందులో, నేను చూసుకోనే లేదు.

నల్లకోటు గారూ, బిల్లు ఉందండి. జీఎస్టీ బిల్లే. వారంటీ కార్డు కూడా రాసిచ్చాను, బ్యాటరీ సీరియల్ నంబర్ ఉంది.

హోల్‌సేల్_విజయవాడ
మంగళవారం, ఉదయం 9:27

తమ్ముడూ, నేను కూడా అదే లైన్లో ఉన్నా. ఏం బ్యాటరీ అది? ఇంటి ఇన్వర్టర్‌కు వేసే 150 ఏహెచ్ ట్యూబ్యులర్ అయితే, పాత బ్యాటరీ ఎక్స్ఛేంజ్ ఇవ్వకపోయినా 20 వేలు ఎక్కడుంది?

షార్ట్‌కట్_సుబ్బు
మంగళవారం, ఉదయం 9:44

ఏముంది అన్నా, బిల్లులో ఒక ట్రాలీ, ఒక ఇన్వర్టర్ కలిపి రాస్తే 20 అయిపోతుంది.

నల్లకోటు
మంగళవారం, ఉదయం 10:10

సుబ్బు గారూ, మీకు రెండు సలహాలు ఇచ్చే అవకాశం దొరికింది, రెండూ మనిషిని జైలు దాకా తీసుకెళ్లేవే. @తెనాలి_బ్యాటరీ గారూ, నేను అడిగింది "ఎంతకు" అని. మీరు దానికి జవాబు చెప్పలేదు.

ఓరుగల్లు_టిఫిన్స్
మంగళవారం, మధ్యాహ్నం 2:20

ఆయన చెప్పేలోపు నాదీ ఒకటి చెప్తా, ఇది వేరే రకం. మొన్న ఆదివారం ఐదుగురు పోరగాళ్లు తిని 460 స్కాన్ చేశామని ఫోన్ చూపించారు, పచ్చ టిక్కు తిరుగుతోంది, టింగుమని సౌండు కూడా వాళ్ల ఫోన్‌లోంచే వచ్చింది. నా సౌండ్ బాక్స్ మాత్రం ఉలకలేదు. నెట్‌వర్క్ స్లో అనుకుని వదిలేశా. అది డూప్లికేట్ యాప్ అట, ఏ అంకె కొడితే ఆ అంకె చూపిస్తుంది. అప్పటి నుంచి నేను కస్టమర్ ఫోన్ చూడటం మానేశా. నా ఫోన్‌లో హిస్టరీలో పడిందా లేదా, అంతే. బాక్స్ మోగకపోతే "అన్నా, ఆ 12 అంకెల నంబర్ చివరి నాలుగు చెప్పు" అంటా. నిజమైనోడు చెప్తాడు, దొంగోడు జేబులో చెయ్యి పెట్టి నోటు తీస్తాడు.

ఇంకోటి, నిజంగానే కస్టమర్‌కు కట్టయి మనకు పడకపోతే? రోజూ ఒకటన్నా అవుతుంది, గొడవ అక్కడే.

క్యాష్_కౌంటర్
మంగళవారం, మధ్యాహ్నం 3:05

@ఓరుగల్లు_టిఫిన్స్ దానికి 2019 సెప్టెంబరులో ఆర్‌బీఐ గడువులు పెట్టింది. షాపులో చేసిన యూపీఐ చెల్లింపు కస్టమర్ ఖాతాలో కట్టయి, షాపుకు కన్ఫర్మేషన్ రాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా దానంతట అదే వెనక్కి పోవాలి. దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం. మనిషి నుంచి మనిషికి పంపినదైతే ఒక్క రోజే గడువు. ఆ పరిహారం కస్టమర్‌కు, మీకు కాదు. మీ ఇడ్లీ డబ్బు మీరే అడిగి తీసుకోవాలి. తెలిసిన ముఖమైతే నోట్‌బుక్‌లో రాసుకుని వదిలేయండి, తెలియనివాడైతే మళ్లీ చెల్లించమనండి, "నీది ఐదు రోజుల్లో వెనక్కొస్తుంది" అని చెప్పి మరీ. చాలామందికి వెనక్కొస్తుందనే సంగతే తెలియక కేకలేస్తారు.

తెనాలి_బ్యాటరీ
మంగళవారం, రాత్రి 11:18

సరే, చెప్పేస్తాను. పొద్దున సిగ్గేసి దాటేశాను.

బిల్లు 14,500. అతను 20,000 స్కాన్ చేశాడు. "అన్నా, ఏటీఎంలో డబ్బుల్లేవు, ఊళ్లో మేస్త్రీకి కూలి ఇవ్వాలి, 5,500 ఎక్కువ కొడతా, క్యాష్ ఇవ్వు" అన్నాడు. గల్లాలో ఉన్నాయి, ఇచ్చాను. ఇలా రోజూ ఎవరో ఒకరు అడుగుతారు, మన వీధిలో అందరం ఇస్తాం. అదేదో సాయం అనుకున్నాను.

సాయంత్రం సీసీ కెమెరా చూశాను. మా డీవీఆర్‌లో 15 రోజులే ఉంటుంది, ఇంకో వారం ఆగితే పోయేది. అందులో చూస్తే అప్పుడు గమనించనివన్నీ కనబడుతున్నాయి. కుర్రాడి చేతిలో రెండు ఫోన్లు. నా క్యూఆర్‌ను తన ఫోన్‌తో ఫోటో తీసి ఎవరికో పంపాడు, తను స్కాన్ చేయనేలేదు. కౌంటర్ మీద వేళ్లతో కొడుతూ నిలబడ్డాడు, కాసేపటికి బాక్స్ మోగింది. హిస్టరీలో డబ్బు పంపినవారి పేరు ఆడమనిషిది. ఆరోజు అడిగితే "మా అక్క అకౌంటు" అన్నాడు. పాత బ్యాటరీ లేదన్నాడు, వాటర్ ఎంత పోయాలని అడగలేదు, బిగించడానికి మనిషిని పంపమంటారా అంటే వద్దన్నాడు. 11 ఏళ్లలో వైరింగ్ గురించి ఒక్క ప్రశ్న అడగకుండా బ్యాటరీ కొన్నవాణ్ణి ఇతన్నే చూశాను. ఆటోలో వేసుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు నేను కూడా కేసులో ఇరుక్కుంటానా?

హోల్‌సేల్_విజయవాడ
మంగళవారం, రాత్రి 11:40

చెప్పావు, మంచి పని చేశావు తమ్ముడూ. ఆ బ్యాటరీ ఈపాటికి ఏ ఊళ్లోనో సగం రేటుకి పోయుంటుంది. వాడికి బ్యాటరీతో పనిలేదు, నోట్లతో పని.

నల్లకోటు
బుధవారం, ఉదయం 6:55

ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. మీరు నిన్న సుబ్బు గారి మాట విని 20 వేలకు బిల్లు సృష్టించి ఉంటే, కెమెరాలో ఒక్క బ్యాటరీ, బిల్లులో బ్యాటరీ, ట్రాలీ, ఇన్వర్టర్. స్టాక్ రిజిస్టర్‌లో తేడా. ఆ కుర్రాడు రేపు దొరికి "క్యాష్ కూడా ఇచ్చాడు" అంటే అప్పుడు మీరు సాక్షి కాదు, ముద్దాయి. అబద్ధపు బిల్లే పెద్ద నేరమై కూర్చునేది.

నిజమే రాయండి. లేఖ ఐఓ ఈమెయిల్‌కు, ఆ రాష్ట్ర నోడల్ అధికారికి, మీ బ్యాంకుకు ఒకేసారి పంపండి. నేను నా క్లయింట్లకు రాసిచ్చేది పేజీన్నర దాటదు. మొదటి పేరాలో అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్, యూటీఆర్, తేదీ, సమయం, మొత్తం. తర్వాత ఏం జరిగిందో అలాగే: 14,500కు ఫలానా సీరియల్ నంబర్ బ్యాటరీ అమ్మాను, కొనుగోలుదారుడు కోరితే మిగతా 5,500 నగదు ఇచ్చాను, అతను నాకు తెలియదు, ఇదిగో ఫుటేజీ, వారంటీ కార్డు మీద అతను ఇచ్చిన ఫోన్ నంబర్ ఇది. జీఎస్టీ రిజిస్ట్రేషన్, ఉద్యమ్ (చిన్న వ్యాపారాల నమోదు) సర్టిఫికెట్, ఆ వారం స్టాక్ రిజిస్టర్ పేజీ, 6 నెలల స్టేట్‌మెంట్ జతచేయండి. స్టేట్‌మెంట్ ఎందుకంటే, రోజూ చిన్న చిన్న మొత్తాలు పడే ఖాతా అని చూడగానే తెలుస్తుంది, అద్దె ఖాతా అలా ఉండదు. చివర్లో రెండే కోరికలు: హోల్డ్‌ను వివాదంలో ఉన్న 20 వేలకే పరిమితం చేసి మిగతా ఖాతా వదలండి, దర్యాప్తుకు ఎప్పుడు పిలిచినా వస్తాను.

మొత్తం ఖాతా ఆపడం సరికాదు, ఆరోపణ ఉన్న మొత్తం వరకే ఆపాలి అని 2023లో కేరళ హైకోర్టు చెప్పింది, ఆ మాట లేఖలో ఒక వాక్యంగా రాయండి. పోలీసులు బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 106 కింద ఆపితే ఆ సంగతి వెంటనే మేజిస్ట్రేట్‌కు నివేదించాలి. నివేదించారా అని మర్యాదగానే అడగండి. ఆ ప్రశ్న చదివాక కదలిక వస్తుంది. అప్పటికీ ఏమీ కాకపోతే సంబంధిత మేజిస్ట్రేట్ కోర్టులో అదే చట్టం సెక్షన్ 503 కింద విడుదల పిటిషన్, అదీ కాకపోతే హైకోర్టులో రిట్. 20 వేల కోసం రిట్ వేస్తే ఫీజుకే చాలదు, 3 లక్షలు ఇరుక్కుంటే మాత్రం ఆలోచించాల్సిందే.

మీ 20 వేలలో ఎంత వెనక్కొస్తుందంటే, నా అభిప్రాయం చెబుతాను, హామీ కాదు. సరుకు ఇచ్చిన 14,500 మీద గట్టిగా వాదించొచ్చు. 5,500 మీద మీ వాదన బలహీనం. అది అమ్మకం కాదు, దొంగకు నోట్లు మార్చిపెట్టడం, మీకు తెలియకపోయినా.

తెనాలి_బ్యాటరీ
బుధవారం, ఉదయం 7:30

"నోట్లు మార్చిపెట్టడం". చదవగానే కడుపులో తిప్పింది. కానీ నిజమే.

గోంగూర_గుంటూరు
బుధవారం, మధ్యాహ్నం 12:15

ఇక్కడ అందరూ యూపీఐ గురించే మాట్లాడుతున్నారు, నాది కార్డు గొడవ. ఇంట్లో గోంగూర, ఉసిరి, మాగాయ పచ్చళ్లు పెట్టి అమెరికాలో మనవాళ్లకు పంపుతాను, డబ్బు పేమెంట్ గేట్‌వే ద్వారా వస్తుంది. పోయినేడు డాలస్ వైపు ఒకావిడ 6 కేజీలు తెప్పించుకున్నారు. రెండు నెలల తర్వాత గేట్‌వే నుంచి మెయిల్: చార్జ్‌బ్యాక్, అంటే కస్టమర్ తన కార్డు బ్యాంకులో ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి అడగడం. నా తర్వాతి సెటిల్‌మెంట్‌లోంచి ఆ డబ్బు, పైన ఫీజు కూడా కోసేశారు. ఇంత నమ్మకంగా పంపితే పచ్చడి తినేసి డబ్బు వెనక్కి లాక్కుందని రెండు రోజులు తిట్టుకున్నా.

తీరా వాట్సాప్‌లో అడిగితే ఆవిడ పాపం "అయ్యో ఆంటీ, అది మీదా? నా కార్డు స్టేట్‌మెంట్‌లో ఏదో ఎంటర్‌ప్రైజెస్ అని ఉంది, ఎవరో దొంగలనుకుని డిస్ప్యూట్ పెట్టా" అంది. డబ్బాల మీద బ్రాండ్ పేరు ఒకటి, గేట్‌వేలో మా ఆయన పేరు మీదున్న పాత కంపెనీ పేరు ఇంకొకటి. ఆవిడ మాట రాతపూర్వకంగా పెట్టించి, కొరియర్ ట్రాకింగ్, డెలివరీ అయిన రోజు ఆవిడ "అందాయి, సూపర్" అన్న చాట్, ఇన్‌వాయిస్ కలిపి పంపితే డబ్బు వెనక్కి వచ్చింది. స్టేట్‌మెంట్‌లో కనబడే పేరు మార్పించుకున్నాక ఆ రకం గొడవ మళ్లీ రాలేదు.

ఇంకొకటి మాత్రం ఓడిపోయా. డెలివరీ అయింది కానీ సంతకం లేదు, అపార్ట్‌మెంట్ గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోయారు. జవాబు చెప్పాల్సిన గడువు మెయిల్‌లోనే ఉంటే, మా అమ్మాయి పెళ్లి పనుల్లో పడి చూడలేదు. గడువు దాటితే మన దగ్గర ఎంత సాక్ష్యమున్నా ఓడిపోయినట్టే. కార్డు కస్టమర్‌కేమో చాలా రకాల ఫిర్యాదులకు 120 రోజుల దాకా టైముంటుందట, మనకు మాత్రం కొద్దిరోజులే ఇస్తారు. అందుకే ఇప్పుడు ప్రతి ఆర్డర్‌కు ఫోన్‌లో ఒక ఫోల్డర్, 4 నెలలు దాటే దాకా తీసేయను.

మందుల_కొట్టు
బుధవారం, మధ్యాహ్నం 1:48

నాది పూర్తిగా రివర్స్. నా షాపు కరెంట్ అకౌంట్ నుంచి నిన్న రాత్రి 48,000 ఎవరో లాగేశారు. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. బ్యాంకు వాళ్లు ఫారం నింపమన్నారు. వస్తాయంటారా?

క్యాష్_కౌంటర్
బుధవారం, మధ్యాహ్నం 2:02

@మందుల_కొట్టు ఇది చదవడం ఆపి ముందు 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఆగి ఉంటే దొరికేది ఈ కాసిని గంటల్లోనే.

చేశారా? ఇప్పుడు వినండి. 2017 జులైలో ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాక మధ్యలో ఎక్కడో జరిగి ఉంటే, బ్యాంకు నుంచి సమాచారం అందాక 3 పని దినాల్లో చెబితే మీ మీద రూపాయి కూడా పడదు. 4 నుంచి 7 పని దినాల్లో చెబితే చిన్న వ్యాపారాల కరెంట్ ఖాతాకు మీ నష్టం 10 వేలకు మించదు. అంతకన్నా ఆలస్యమైతే బ్యాంకు పాలసీ ఎలా ఉంటే అలా. మీరు చెప్పిన రోజు నుంచి 10 పని దినాల్లోగా బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో చూపాలి, 90 రోజుల్లో తేల్చాలి. ఓటీపీ మీరే చెప్పి ఉంటే మాత్రం, బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా మీ నష్టమే. ఫిర్యాదు నంబర్ లేకుండా బ్రాంచి గడప దాటి రాకండి. 30 రోజుల్లో జవాబు లేకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ పోర్టల్‌లో (ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైట్) వేయండి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

షార్ట్‌కట్_సుబ్బు
బుధవారం, సాయంత్రం 5:30

తెనాలి అన్న కూడా అంబుడ్స్‌మన్‌కే వేస్తే సరిపోదా? (ఇది మాత్రం జైలు సలహా కాదు)

క్యాష్_కౌంటర్
బుధవారం, సాయంత్రం 6:12

మంచి ప్రశ్నే. పోలీసుల ఆదేశాన్ని అంబుడ్స్‌మన్ రద్దు చేయలేరు. కానీ పోలీసులు 20 వేలు ఆపమంటే బ్యాంకు 3 లక్షలు ఆపింది అనుకోండి, లేదా ఎవరు ఆపమన్నారో వివరాలు ఇవ్వకుండా తిప్పుతోంది అనుకోండి, అది బ్యాంకు తప్పు. దాని మీద వేయొచ్చు. అందుకే మొదటి రోజే రాతపూర్వకంగా అడగమన్నాను.

తెనాలి_బ్యాటరీ
శనివారం, రాత్రి 9:05

అప్‌డేట్. డిస్ట్రిబ్యూటర్ చెక్కు ఆపాడు, మొదట విసుక్కున్నాడు కానీ బ్యాంకు ముద్ర ఉన్న నకలు వాట్సాప్‌లో పెడితే సరే అన్నాడు. బ్యాంకు జవాబు వచ్చింది. క్యాష్_కౌంటర్ గారు అన్నట్టే, పోలీసుల మెయిల్‌లో ఉన్నది 20,000 హోల్డ్ చేయమనే. మొత్తం ఆపింది బ్యాంకు వాళ్లు. మేనేజర్‌ను అడిగితే "పై ఆఫీసు నుంచి అలా వచ్చింది" అంటాడు, పై ఆఫీసు మెయిల్ ఐడీ ఇవ్వమంటే వెతుకుతున్నాడు. ఐఓకి, నోడల్ అధికారికి లేఖ పంపాను, పెన్ డ్రైవ్‌లో ఫుటేజీ కాపీ కూడా స్పీడ్ పోస్టులో పంపాను.

ఇంట్లో చెప్పాను. మా ఆవిడ అన్న మొదటి మాట: "ఎవడికో కూలికి డబ్బులిచ్చావు, మన స్కూల్ ఫీజుకి ఏటీఎం దాకా నడిచెళ్లమన్నావు".

నగదే_నయం
శనివారం, రాత్రి 9:20

మీ ఆవిడ మాటకు తిరుగులేదు. అన్నట్టు నేను రెండేళ్ల కింద క్యూఆర్ ఎందుకు తీసేశానో చెప్పలేదు కదా. "పొరపాటున మీకు 2,000 వచ్చాయి, ఈ నంబర్‌కు తిరిగి పంపండి" అని ఏడుపు గొంతుతో ఫోన్. మెసేజ్ కూడా వచ్చింది, బ్యాంకుదేమో అనుకున్నా. పంపేశా. తర్వాత చూస్తే నా ఖాతాలో ఏమీ పడలేదు, ఆ మెసేజ్ వాడే టైపు చేసి పంపాడు.

ఓరుగల్లు_టిఫిన్స్
శనివారం, రాత్రి 9:31

అయ్యో, అదా సంగతి. నాకూ వస్తాయి అలాంటివి. నిజంగా పడినా సరే, నేను వేరే నంబర్‌కు పంపను. మర్చంట్ యాప్‌లో ఆ లావాదేవీ మీదే రీఫండ్ నొక్కితే ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే పోతుంది. "కాదు, మా తమ్ముడి నంబర్‌కు కొట్టు" అంటే మీ బ్యాంకులో ఫిర్యాదు ఇచ్చుకోమని పెట్టేస్తా.

తెనాలి_బ్యాటరీ
మంగళవారం, రాత్రి 8:47

మళ్లీ అప్‌డేట్, ఈ చర్చ మొదలుపెట్టి 22 రోజులైంది. ఈరోజు మధ్యాహ్నం డెబిట్ ఫ్రీజ్ తీశారు. 20,000 మీద మాత్రం లీన్ ఉంది, అంటే ఆ మొత్తం తీయనివ్వరు, మిగతాదంతా వాడుకోవచ్చు. ఐఓ ఒకసారి ఫోన్ చేశాడు, హిందీలో మాట్లాడాడు, నాకొచ్చిన హిందీలో చెప్పాను. క్యాష్ సంగతి లేఖలో ముందే రాసి ఉండటంతో దాని గురించి రెండు ప్రశ్నలే వేశాడు. వారంటీ కార్డు మీది నంబర్ ఉపయోగపడిందన్నాడు, ఎలాగో చెప్పలేదు. ఆ 20 వేలు కోర్టు చెప్పేదాకా అలాగే ఉంటాయట.

షాపులో బోర్డు పెట్టాను: "స్కానింగ్ మీద క్యాష్ ఇవ్వబడదు". పక్క కొట్టాయన ముఖం మాడ్చుకున్నాడు, నేను ఇవ్వకపోతే వాళ్లంతా ఆయన దగ్గరికే వస్తున్నారట. ఆయనకీ ఈ చర్చ లింకు పంపాను. 5 వేలు దాటితే పంపినవారి పేరు చూసి, ఎదురుగా ఉన్న మనిషి పేరు కాకపోతే బిల్లు మీద రెండు పేర్లూ రాయించి సంతకం తీసుకుంటున్నా.

లెడ్జర్ గారూ, ఒక డౌటు. ఆ 14,500 బిల్లు ఈ నెల జీఎస్టీలో చూపించాలా? డబ్బు చేతికి రాలేదు కదా.

లెడ్జర్
మంగళవారం, రాత్రి 9:10

చూపించాలి. సరుకు వెళ్లింది, ఇన్‌వాయిస్ ఇచ్చారు, అమ్మకం అయిపోయింది. డబ్బు లీన్‌లో ఉందా, గల్లాలో ఉందా అన్నది జీఎస్టీకి పట్టదు.

తెనాలి_బ్యాటరీ
మంగళవారం, రాత్రి 9:12

అంటే బ్యాటరీ పోయింది, 5,500 పోయింది, 20 వేలు ఆగింది, పైగా ట్యాక్స్ నేనే కట్టాలి?

లెడ్జర్
మంగళవారం, రాత్రి 9:13

అవునండి. మీరు నెలవారీ వేసేవాళ్లే కదా, 20వ తేదీలోపు వేసేయండి. లేటైతే దానికీ వడ్డీ.